డన్‌కర్క్ చెక్క దారి

చిరంజీవులు చిన్నికి, బబ్లూకి తాతయ్య ఆశీస్సులు.

బబ్లూ, ఫ్రాన్సు తీరంలోని డన్‌కర్క్ ఫొటో చూసి నువ్వు ఫోన్లో అడిగినదానికి ఆ రోజు సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. ఎదురుగా ఓడలు కనిపిస్తుంటే, సైనికులు ఎక్కకుండా భుజాల లోతు నీళ్ళలో ఎందుకు నిలబడ్డారనేగా నీ అనుమానం? తీరిగ్గా రాస్తున్నాను. అక్కకి కూడా చదివి వినిపించు.

రెండో ప్రపంచ యుద్ధంలో, 1940 మే 10న జర్మనీ పడమటి దేశాల మీద దండెత్తింది. బ్రిటిష్, ఫ్రెంచ్ సేనలు బెల్జియంలోకి ఎదురెళ్ళాయి. జర్మన్ ట్యాంకులు మాత్రం ఆర్డెన్ అడవుల్లోంచి దూసుకొచ్చి, మే 20 కల్లా సముద్రం దాకా వచ్చేశాయి. ముందుకెళ్ళినవాళ్ళకి వెనక దారి మూసుకుపోయింది. మిగిలింది డన్‌కర్క్ రేవు ఒక్కటే.

ఇక నీ ప్రశ్న. అక్కడ తీరం దగ్గర నీళ్ళ లోతు చాలా తక్కువ. చాలా దూరం నడిచినా లోతు రాదు. పెద్ద ఓడ దగ్గరికొస్తే అడుగు ఇసుకలో కూరుకుపోతుంది. అందుకే ఓడలు దూరంగా ఆగేవి, చిన్న పడవలు మనుషుల్ని విడతలు విడతలుగా చేరవేసేవి. ఆ పడవ అందాలంటే నీళ్ళలోకి నడవాల్సిందే, గంటల తరబడి నిలబడాల్సిందే. పైనుంచి బాంబులు. కొందరు సైనికులు లారీల్ని వరసగా సముద్రంలోకి తోలి, వాటి మీద పలకలు పరిచి వంతెనలా చేసుకున్నారు. ఆ ఉపాయం తట్టినవాళ్ళని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఇంగ్లండులో డోవర్ కోట కింది సొరంగాల్లోంచి నౌకాదళ అధికారి వైస్ అడ్మిరల్ బెర్ట్రామ్ రామ్సే, సైనికుల్ని ఇంగ్లండు చేర్చే ఈ పనంతా నడిపించాడు. మే 27న దాటించగలిగింది 7,669 మందినే. ఆ రాత్రే, ఒడ్డున ఉన్న కెప్టెన్ విలియం టెనంట్ కన్ను రేవు తూర్పు గట్టు మీద పడింది. అది అలలకు అడ్డుగా కట్టింది, పైన సన్నటి చెక్క దారి. ఓడలు ఆగడానికి కట్టింది కానేకాదు. అయినా ఒక ఓడని రమ్మని చూశాడు. ఆగింది! అప్పట్నుంచి జనం ఆ చెక్కల మీద నడిచి నేరుగా ఓడ ఎక్కారు. జూన్ 4 దాకా బయటపడ్డ 3,38,226 మందిలో 2,39,446 మంది రేవు నుంచే వెళ్ళారు. అందరూ చిన్న పడవల కథే చెప్తారు, అది చెప్పుకోదగ్గదే. కానీ ఈ గట్టుని మర్చిపోకూడదు.

మన దేశం నుంచి వెళ్ళినవాళ్ళూ అక్కడున్నారు. కంచర గాడిదల మీద సరుకులు మోసే దళాలు 1939 డిసెంబరులో ఫ్రాన్సులో దిగాయి. వాళ్ళలో ఎక్కువమంది పంజాబీ ముస్లింలు. కొందరు డన్‌కర్క్ నుంచి ఓడెక్కారు, గాడిదల్ని మాత్రం వదిలేయాల్సి వచ్చింది. ఒక దళమైతే జర్మన్లకి బందీగా చిక్కింది.

ఇంత జనం దాటేవరకూ జర్మన్లని ఎవరో ఒకరు ఆపాలి కదమ్మా. లిల్లే నగరం దగ్గర చుట్టుముట్టబడ్డ ఫ్రెంచి సైనికులు మే 31 దాకా పోరాడారు. డన్‌కర్క్ చుట్టూ చివరి రోజుల్లో కాపలా కాసిందీ ఫ్రెంచివాళ్ళే. జూన్ 4 తెల్లవారుజామున ఆఖరి ఓడ వెళ్ళిపోయేసరికి వేలాదిమంది ఇంకా ఒడ్డునే ఉన్నారు, ఖైదీలయ్యారు. బబ్లూ, నువ్వు చూసిన ఫొటోలో వాళ్ళు లేరు. అది తీసే వేళకి ఊరి బయట కాలవ గట్ల మీద తుపాకులు పట్టుకుని ఉన్నారు.

సెలవులకి వచ్చినప్పుడు అట్లాసు తీసి ఆ కాలవలు చూపిస్తాను.

మీ తాతయ్య