డిస్కు వెనక చిన్న గ్లోబు: డీవీడీకి రీజియన్ తాళం ఎలా పడింది

2009లో అమెరికా నుంచి హైదరాబాద్ తిరిగొచ్చేటప్పుడు మా సామాన్లలో ఒక అట్టపెట్టె నిండా డీవీడీలే. చాలావరకు మా పాపవి. కార్టూన్ సినిమాలు, పాటల డిస్కులు, పడుకునే ముందు రోజూ పెట్టమని అడిగేది ఒకటి. అన్నీ షాపులో డబ్బు పెట్టి కొన్నవే, కవర్లు చిరగకుండా తెచ్చుకున్నవే. అత్తగారింట్లో ఉన్న ప్లేయర్‌లో మొదటిది పెట్టాం. డిస్కు గిర్రున తిరిగి ఆగిపోయింది. నీలం తెర మీద రీజియన్ తప్పు అని ఇంగ్లీషులో ఒక్క ముక్క వచ్చింది. ఇంకోటి పెట్టాం, అదే మాట. ఐదేళ్ల పిల్లకి ఇది ఈ ఊళ్లో ఆడదని ఎలా చెప్తాం? టీవీ ముందు బాసింపట్టు వేసుకుని, "ఇంకోసారి పెట్టు నాన్నా" అంటూనే ఉంది.

అప్పుడు కవరు తిప్పి చూశాను. వెనక, బార్ కోడ్ పక్కన, చిన్న గ్లోబు బొమ్మ. దాని మధ్యలో 1 అంకె. ఏళ్ల తరబడి ఆ కవర్లు నా చేతుల్లోనే తిరిగాయి. ఆ బొమ్మ మాత్రం ఏ రోజూ నా కంట పడలేదు.

ఆ అంకె వెనక ఉన్న కథ 1990ల మధ్యలో మొదలైంది. డీవీడీ ప్లేయర్లు 1996 నవంబరులో జపాన్‌లో, 1997 మార్చిలో అమెరికాలో అమ్మకానికి వచ్చాయి. వీడియో క్యాసెట్ కంటే బొమ్మ ఎంతో స్పష్టం, ఎన్నిసార్లు చూసినా అరగదు, ఒక చిన్న పార్సిల్‌లో ఏ దేశానికైనా పంపొచ్చు. హాలీవుడ్ స్టూడియోలకి భయం పుట్టింది సరిగ్గా ఇక్కడే. ఆ రోజుల్లో హాలీవుడ్ సినిమా అన్ని దేశాల్లో ఒకేరోజు విడుదలయ్యేది కాదు. అమెరికాలో వేసవిలో ఆడిన సినిమా యూరప్‌కో ఆసియాకో చేరేసరికి నెలలు పట్టేది. ఈలోగా అమెరికాలో డిస్కు బయటికొచ్చి పోస్టులో లండన్ చేరిపోతే థియేటర్‌కి ఎవరు వస్తారు? పైగా ఒక్కో దేశంలో ఒక్కో ధర, ఒక్కో దేశానికి హక్కులు కొన్న పంపిణీదారు వేరు. అందుకని, ఎక్కడ అమ్మిన డిస్కు అక్కడి ప్లేయర్‌లోనే ఆడేలా ఏర్పాటు చేస్తే తప్ప కొత్త ఫార్మాట్‌కి సినిమాలు ఇవ్వబోమని పట్టుబట్టాయి.

ఏరియాల వారీగా సినిమా అమ్మడం మనకి కొత్త కాదు. నైజాం, సీడెడ్, ఉత్తరాంధ్ర, ఈస్ట్, వెస్ట్, కృష్ణా, గుంటూరు, నెల్లూరు అని బయ్యర్లకి పంచి అమ్మడం దశాబ్దాల అలవాటు. రీలు డబ్బాలు ముందు 'ఎ' సెంటర్లో ఆడాక 'బి' సెంటర్‌కి, అక్కణ్ణుంచి 'సి' సెంటర్‌కి వెళ్లేవి. అయితే కావలిలో సినిమా దొరకనివాడు బస్సెక్కి నెల్లూరు వెళ్లి చూస్తే ఎవరూ ఆపలేదు. ఆ హద్దు బయ్యర్‌కి, బయ్యర్‌కి మధ్య గీసుకున్న గీత. డీవీడీ వచ్చాక ఆ గీతని తెచ్చి మన హాల్లో టీవీ కింద పెట్టారు. నాకు కష్టం అనిపించేది ఇదే. వ్యాపారులు తమలో తాము చేసుకున్న పంపకానికి, డబ్బిచ్చి కొనుక్కున్న ఇంటివాళ్లు కాపలా కాయాల్సి వచ్చింది.

పంపకం ఎలా జరిగిందో చూడండి. అమెరికా, కెనడా ఒకటో రీజియన్. యూరప్, జపాన్, గల్ఫ్ దేశాలు, దక్షిణాఫ్రికా రెండు. సింగపూర్, మలేసియా, హాంకాంగ్, దక్షిణ కొరియా మూడు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, లాటిన్ అమెరికా నాలుగు. భారత్, పాకిస్థాన్, రష్యా, ఆఫ్రికాలో చాలా భాగం ఐదు. చైనా ఒక్కటే ఆరు. ఏడుని విడిగా అట్టిపెట్టారు, ఎనిమిది విమానాలకి, ఓడలకి. ఇప్పుడు ఒక మామూలు తెలుగు కుటుంబాన్ని తలుచుకోండి. అక్క డాలస్‌లో, తమ్ముడు మెల్‌బోర్న్‌లో, బాబాయి దుబాయ్‌లో, అమ్మానాన్నలు కరీంనగర్‌లో. నలుగురూ నాలుగు రీజియన్లు. అక్క మురిపెంగా పంపిన ఇంగ్లీషు సినిమా డిస్కు ఆ మిగతా మూడిళ్లలో ఎక్కడా ఆడదు.

ఇందులో మనసుకి పట్టే విషయం ఇంకొకటుంది. ఒకే డీవీడీలో ఎనిమిది ఆడియో ట్రాకులు, 32 సబ్‌టైటిల్ ట్రాకులు పెట్టే వీలుంది. అంటే ప్రపంచమంతా ఒకే డిస్కు చూడగలిగేలా దాన్ని తయారు చేశారు. అదే చేతుల్తో దానికి తాళమూ వేశారు.

ఆ తాళం పనితీరు వింటే ఆశ్చర్యంగా ఉంటుంది. అసలది చాలా చిన్న గుర్తు. డిస్కు మీద ఎనిమిది బిట్లు ఉంటాయి, ఒక్కో రీజియన్‌కి ఒక్కోటి. ప్లేయర్ ముందు వాటిని చదివి, తన అంకెకి అనుమతి ఉందో లేదో చూసుకుంటుంది. లేదంటే ఆడించదు. అంతే. మరి కంపెనీలు ఈ గుర్తుని పట్టించుకోకుండా ప్లేయర్లు తయారు చేయొచ్చు కదా? అక్కడే మెలిక. సినిమా మొత్తం సీఎస్ఎస్ అనే 40 బిట్ల రహస్య సంకేతంలో దాచి ఉంటుంది. దాన్ని విప్పే తాళంచెవి కావాలంటే ప్లేయర్ కంపెనీ లైసెన్సు తీసుకోవాలి. రీజియన్‌ని గౌరవించాలన్నది ఆ లైసెన్సులో ఒక షరతు. బిట్లకి బలం లేదు, బలమంతా కాగితం మీది ఒప్పందానిది.

అందుకే కంపెనీలు ఒక దారి తెరిచే ఉంచాయి. ఒకే ప్లేయర్‌ని అన్ని దేశాలకీ చేసి, చివర్లో రీజియన్ అంకె మార్చి పంపడం వాళ్లకి చవక. ఆ మార్చే మెనూ చాలా మోడళ్లలో అలాగే ఉండిపోయింది. మా ప్లేయర్ సంగతీ అదే అయ్యింది. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఒక చిన్న షాపుకి తీసుకెళ్తే, కౌంటర్ వెనక కుర్రాడు డబ్బా మూత కూడా తీయలేదు. "రిమోట్ తెచ్చిన్రా సార్?" అన్నాడు. ఇచ్చాను. ట్రే బయటికి తెరిచి, రిమోట్ మీద వరసగా నాలుగైదు అంకెలు నొక్కాడు. తెర మీద మునుపెప్పుడూ చూడని మెనూ ఒకటి ప్రత్యక్షమైంది. అందులో 5 అని ఉన్నచోట బాణం కదిపి 0 చేశాడు, అంటే అన్ని రీజియన్లూ ఆడేలా; ట్రే మూశాడు. ఒక నిమిషం కూడా పట్టలేదు. ఆ రాత్రి మా పాప తన డిస్కు చూసే పడుకుంది.

కంప్యూటర్ల దగ్గర ఇంత సులువు కాదు. 2000 జనవరి నుంచి డీవీడీ డ్రైవులన్నీ కొత్త పద్ధతిలోకి వచ్చాయి. రీజియన్‌ని డ్రైవే తనలో దాచుకుంటుంది, వాడేవాళ్లు ఐదుసార్లు మాత్రమే మార్చుకోగలరు. ఐదో మార్పుతో డ్రైవు ఆ అంకె దగ్గరే బిగుసుకుపోతుంది. విండోస్ మళ్లీ ఇన్‌స్టాల్ చేసినా లాభం లేదు. ఉద్యోగాల కోసం దేశాలు మారేవాళ్లు, ఒకే లాప్‌టాప్‌లో అక్కడివీ ఇక్కడివీ చూద్దామనుకునేవాళ్లు ఎందరో దీనికి చిక్కారు.

తాళం పడిన మూడేళ్లకే దాన్ని విప్పినవాళ్లు వచ్చారు. 1999 అక్టోబరులో ఆ సీఎస్ఎస్ సంకేతాన్ని విప్పే డీసీఎస్ఎస్ అనే చిన్న ప్రోగ్రామ్ బయటికొచ్చింది. దాని వెనక ఉన్నవాళ్లలో నార్వేకి చెందిన జాన్ లెక్ జొహాన్సెన్ వయసు అప్పటికి 15. విండోస్ బదులు లినక్స్‌తో నడిచే తన కంప్యూటర్‌లో డీవీడీలు చూసుకోవాలన్నదే తన ఉద్దేశమని చెప్పాడు. కేసు పెట్టారు. ఓస్లో కోర్టు 2003 జనవరిలో అతను నిర్దోషి అంది, అప్పీలులోనూ అదే ఏడాది డిసెంబరులో అదే తీర్పు. తను కొన్న డిస్కుని తను చూసుకోవడం నేరం ఎలా అవుతుందన్నది ఆ తీర్పుల సారం. అమెరికాలో గాలి ఎదురు వీచింది. 1998 నాటి డిజిటల్ కాపీరైట్ చట్టం ఆసరాగా, ఆ ప్రోగ్రామ్‌ని ఇంటర్నెట్‌లో పెట్టిన ఒక పత్రికపై స్టూడియోలు 2000లో న్యూయార్క్‌లో కేసు గెలిచాయి.

వలస వచ్చినవాళ్లు ఎక్కువగా ఉన్న ఆస్ట్రేలియా ఈ విషయంలో సూటిగా మాట్లాడింది. అక్కడి వినియోగదారుల కమిషన్ రీజియన్ కోడ్‌ల వల్ల జనానికి ఎంపిక తగ్గిపోతోందని బాహాటంగా అంది. 2006లో కాపీరైట్ చట్టం సవరించినప్పుడు, మార్కెట్‌ని దేశాల వారీగా విడగొట్టడానికి మాత్రమే ఉన్న తాళాలకి చట్టరక్షణ వర్తించదని రాసుకున్నారు. న్యూజిలాండ్ 2008లో అదే దారి పట్టింది. మన దేశంలో 2012 సవరణతో 65ఏ సెక్షన్ వచ్చింది. కాపీరైట్ ఉల్లంఘించే ఉద్దేశంతో తాళం తీస్తేనే నేరమని దాని భాష. కొనుక్కున్న డిస్కుని పిల్లకి చూపించిన తండ్రిని ఆ సెక్షన్ దొంగ అనదు. అది చదివినప్పుడు నిజంగా ఊరట కలిగింది.

ఇబ్బంది సామాన్యులకే అనుకోకండి. మేం తిరిగొచ్చిన 2009లోనే, మార్చిలో, అమెరికా అధ్యక్షుడు ఒబామా బ్రిటన్ ప్రధాని గోర్డన్ బ్రౌన్‌కి 25 అమెరికన్ సినిమాల డీవీడీలు కానుకగా ఇచ్చారు. అవి ఒకటో రీజియన్‌వి కావడంతో బ్రిటన్ ప్లేయర్‌లో ఆడలేదని అక్కడి పత్రికలు రాశాయి.

రీజియన్ ఒక్కటే అయితే సరే. దానికి తోడు పాల్, ఎన్‌టీఎస్‌సీ అనే రెండు టీవీ పద్ధతుల గొడవ. అమెరికా, జపాన్ టీవీలది ఎన్‌టీఎస్‌సీ, సెకనుకి దాదాపు 30 ఫ్రేముల లెక్క; మనదీ యూరప్‌దీ పాల్, 25. సినిమా తీసింది 24లో కాబట్టి పాల్ డిస్కులో అది నాలుగు శాతం వేగంగా పరుగెడుతుంది, రెండున్నర గంటల సినిమా 144 నిమిషాల్లో అయిపోతుంది. మన దగ్గరి టీవీలు, ప్లేయర్లు చాలావరకు రెండింటినీ చూపించేవి. అమెరికాలో పాత టీవీకి మాత్రం పాల్ డిస్కు ఇస్తే బొమ్మ పైకీ కిందకీ దొర్లేది. ఇక కరెంటు. 120 వోల్టుల అమెరికా ప్లేయర్‌ని తెచ్చి మన 230 వోల్టుల సాకెట్‌లో గుచ్చితే వాసన వచ్చేదాకా తెలీదు. అమెరికాలో ఎడిసన్ ఓక్ ట్రీ రోడ్డులో, జాక్సన్ హైట్స్‌లో మనవాళ్ల షాపుల్లో అన్ని రీజియన్లు, రెండు వోల్టేజీల ప్లేయర్లు అడిగి కొనుక్కెళ్లేది ఇందుకే.

మన తెలుగు డిస్కుల కథ కాస్త వేరు. విదేశాల్లో మనవాళ్ల కిరాణా షాపుల్లో కరివేపాకు, ఇడ్లీ రవ్వ పక్కన అరల్లో కనిపించే తెలుగు డీవీడీలు చాలావరకు ఆల్ రీజియన్, ఎన్‌టీఎస్‌సీ అని రాసి ఉండేవి. వాటిని కొనే ప్రేక్షకుడు ఏ ఖండంలో ఉంటాడో అమ్మేవాడికే తెలీదు, తాళం వేస్తే నష్టం తనకే. ఇక్కడ ఇళ్లలో అయితే చాలాకాలం వీసీడీలదే రాజ్యం. వాటికి రీజియన్ లేదు. సినిమా రెండు మూడు డిస్కులు, మధ్యలో లేచి మార్చుకోవాలి. 2007లో మోజర్ బేయర్ కంపెనీ డీవీడీని 34 రూపాయలకే తెచ్చినప్పుడు అసలు డిస్కు కొనే అలవాటు మన ఇళ్లలోకి నిజంగా వచ్చింది. ఇక సిగ్నల్ దగ్గర అమ్మే దొంగ సీడీకి ఏ దేశంలోనూ రీజియన్ అడ్డు రాలేదు. ఈ తాళం ఆపింది ఎవరినయ్యా అంటే, బిల్లు కట్టినవాళ్లనే.

డీవీడీ తర్వాతి తరం డిస్కుగా 2006లో వచ్చిన బ్లూరే ఆరు ముక్కల్ని మూడు చేసింది: ఏ, బీ, సీ. మనం సీలో. పదేళ్ల తర్వాత వచ్చిన 4కే బ్లూరేలో రీజియన్ తీసేశారు. పెద్ద సినిమాలు అప్పటికి ప్రపంచమంతా దాదాపు ఒకేరోజు విడుదలవుతున్నాయి, పాత భయానికి అర్థం లేదు. కానీ గీతలు ఇప్పుడు ఓటీటీలోకి మారాయి. అక్కడ చూస్తున్న సీరియల్ ఇక్కడ దిగగానే జాబితాలోంచి మాయం. యూరప్ 2018 ఏప్రిల్ నుంచి తన సభ్యదేశాల మధ్య తిరిగేవాళ్లకి సొంత దేశపు చందా చెల్లేలా నిబంధన తెచ్చింది. అదీ కొన్నాళ్లు వెళ్లొచ్చేవాళ్లకే, ఇల్లు మారేవాళ్లకి కాదు.

మా అట్టపెట్టె ఇప్పటికీ అటక మీదే ఉంది. పాపకి ఇప్పుడు ఇరవై దాటాయి. మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు తనే పెట్టె దింపి, తుడిచి, తన డిస్కు వెతికి తీసింది. పాత ప్లేయర్ ఎప్పుడో పోయింది కాబట్టి నా పాత లాప్‌టాప్ తెరిచాం. డిస్కు పెట్టగానే రీజియన్ మార్చమంటారా అని కిటికీ తెరుచుకుంది, కింద మిగిలిన మార్పుల అంకె: 1. ఒక్క క్షణం ఇద్దరం ఒకరినొకరం చూసుకున్నాం. తను ఒకటో రీజియన్ మీద నొక్కి, సరే అంది.