మనసుకు అనిపించిందల్లా నిజమేనా? కౌన్సెలింగ్ గదిలో రోజూ వినే అపోహలు

నేను శ్రీకాకుళంలో కౌన్సెలింగ్ చేస్తాను. ఇక్కడికి వచ్చేవాళ్లు చాలామంది ముందుగా చెప్పేది జరిగిన సంగతి కాదు, జరిగిపోయిందని తాము అనుకున్న సంగతి. కింద చెప్పే మనుషుల వివరాలు మార్చాను.

అపోహ: "నా మనసుకు అనిపించిందంటే అది నిజమే."

ఒకావిడ కొడుకు చెన్నైలో పనిచేస్తాడు. ఓ రాత్రి ఫోన్ ఎత్తలేదు. "గుంటడికి ఏటయిందో ఏటో" అంటూ ఆవిడ తెల్లవార్లూ మంచం మీద కూర్చునే ఉంది. కాగితం మధ్యలో గీత గీసి, ఎడమవైపు చూసింది, కుడివైపు అనుకున్నది రాయమన్నాను. ఎడమవైపు ఒక్క ముక్కే వచ్చింది: మూడుసార్లు రింగయింది, ఎత్తలేదు. కుడివైపు యాక్సిడెంటు, ఆసుపత్రి, తన మీద కోపం, కాగితం చివరిదాకా. కాసేపు దాన్నే చూసి, "రాత్రి డ్యూటీలో ఫోన్ బయట పెట్టించేస్తారు కదా" అని ఆవిడే అంది.

ఇలా చటుక్కున వచ్చిపడే ఆలోచనలను 1960లలో అమెరికన్ సైకియాట్రిస్టు ఆరన్ బెక్ గమనించి, వాటిని సాక్ష్యంతో సరిచూసుకునే చికిత్సను రూపొందించారు. ఆ గీత వెనకున్నదీ అదే పద్ధతి.

అపోహ: "చెడు ఆలోచన వస్తే బలవంతంగా తోసెయ్యాలి."

తోసేకొద్దీ తిరిగొస్తుంది. తెల్ల ఎలుగుబంటి గురించి ఆలోచించవద్దన్నా జనానికి అదే గుర్తుకొచ్చిందని 1987లో అమెరికన్ సైకాలజిస్టు డేనియల్ వెగ్నర్ బృందం ప్రయోగం చేసి చూపించింది.

అపోహ: "కౌన్సెలింగ్‌కి వెళ్తే పిచ్చి అనుకుంటారు."

ఆ భయం ఉంటే గడప దాటక్కర్లేదు. 14416కి ఫోన్ చేయండి. అది ప్రభుత్వ టెలీ మానస్ నంబరు. తెలుగులో మాట్లాడతారు, డబ్బులు తీసుకోరు.

అపోహ: "పాజిటివ్‌గా ఆలోచిస్తే చాలు."

దీనితోనే నాకు ఎక్కువ పేచీ. మా జిల్లాలో కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం నుంచి వచ్చే మనిషికి నడుం నొప్పి వస్తే కిడ్నీ పోయిందనే అనిపిస్తుంది. ఊళ్లో డయాలసిస్‌కి తిరిగేవాళ్లను చూస్తున్నవాడికి "ఏం కాదులే" అని ఏ మొహంతో చెప్పను? ఆ భయానికి కారణం ఉంది. కానీ నడుం నొప్పికి కారణాలు చాలా ఉంటాయి, కిడ్నీ జబ్బు మొదట్లో నొప్పే లేకుండానూ ఉండొచ్చు. తేల్చాల్సింది కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష, మూత్రపరీక్ష.

ఒకాయన, జీడితోట రైతు, ఎనిమిది నెలలు ఆ పరీక్ష వాయిదా వేశాడు. రిపోర్టు చూస్తే ప్రాణం పోతుందనేవాడు. చివరికి భార్యని తోడు తీసుకుని వెళ్లాడు. క్రియాటినిన్ కాస్త ఎక్కువే వచ్చింది. డాక్టరు మందులు రాసి, నొప్పి మాత్రలు సొంతంగా కొని వేసుకోవద్దన్నారు. ఆ రాత్రి మాత్రం ఆయన మధ్యలో లేవకుండా నిద్రపోయాడని భార్య చెప్పింది.