ఇంటి నుంచి పని చేస్తే ట్రాఫిక్ తగ్గుతుందా? అపోహలు - వాస్తవాలు

నేను ట్రాఫిక్ ప్లానింగ్‌లో పనిచేస్తాను. కూడళ్ల దగ్గర బండ్లు లెక్కించడం, సిగ్నల్ టైమింగులు సరిచూడటం, ఆఫీసుల లాగిన్, లాగౌట్ వేళలకూ రోడ్డు మీది రద్దీకీ ఉన్న లంకె పట్టుకోవడం నా పని. హైదరాబాద్ ఐటీ కారిడార్ మాట వచ్చినప్పుడల్లా "అందరికీ వర్క్ ఫ్రమ్ హోమ్ ఇచ్చేస్తే పోలా" అనేవాళ్లు కొందరు, "దానివల్ల ఒరిగేదేం లేదు" అనేవాళ్లు కొందరు. రెండు మాటలూ తప్పే. ఇంటి నుంచి పని నిజంగానే రోడ్డును ఖాళీ చేయగలదు. అయితే ఎంతమంది ఇంట్లో ఉన్నారో చెబితే చాలదు, ఏ రోజు, ఏ గంటలో ఉన్నారో చెప్పాలి.

అపోహ: సగం మందైనా ఇంట్లో ఉంటే తప్ప రోడ్డు మీద తేడా తెలియదు.

పీక్ అవర్‌లో పదో వంతు తగ్గినా తెలుస్తుంది. ఒక కూడలి గంటకు 3,000 బండ్లను దాటించగలదనుకోండి. వచ్చేవి 3,300. గంట గడిచేసరికి 300 బండ్లు క్యూలో మిగులుతాయి, చివర నిలబడ్డవాళ్లకు 6 నిమిషాలు ఆలస్యం. ఇంకో గంట ఇలాగే సాగితే క్యూ 600, ఆలస్యం 12 నిమిషాలు. ఆ క్యూ వెనక్కి పెరిగి ముందు కూడలిని మూసేసిందంటే అటువైపు పనిలేని బండ్లు కూడా ఇరుక్కుంటాయి. ఇప్పుడు ఆ 3,300లో పదో వంతు రాలేదనుకోండి. వచ్చేవి 2,970. క్యూ మొదలే కాదు. 1964లో అమెరికా బ్యూరో ఆఫ్ పబ్లిక్ రోడ్స్ ఇచ్చిన సూత్రాన్ని మా రంగంలో ఇప్పటికీ వాడతాం. అందులో ఆలస్యం, రద్దీకి నాలుగో ఘాతంగా పెరుగుతుంది, అంటే రద్దీ రెట్టింపైతే ఆలస్యం పదహారు రెట్లవుతుంది. తగ్గేటప్పుడూ అంతే వేగంగా తగ్గుతుంది. దసరా సెలవుల్లో స్కూలు బస్సులు లేని ఉదయాలు చూసినవాళ్లకు ఈ సూత్రం చెప్పక్కర్లేదు.

అపోహ: హైబ్రిడ్ పెట్టేశాం, వారానికి మూడు రోజులే రమ్మంటున్నాం. ఇక ట్రాఫిక్ నలభై శాతం తగ్గాలి.

ఆ మూడు రోజులు ఏవో అడగండి. మంగళ, బుధ, గురు. పక్క కంపెనీని అడిగినా అదే జవాబు. శుక్రవారం ఇంట్లో ఉంటే గురువారం రాత్రే ఊరికి బయల్దేరవచ్చు, సోమవారం ఇంట్లో ఉంటే తీరిగ్గా తిరిగి రావచ్చు. మేనేజర్లకేమో టీమంతా ఒకే రోజు కళ్లముందు ఉండాలి. దాంతో బుధవారం రోడ్డు ఎప్పటిలాగే కిక్కిరిసిపోతుంది, శుక్రవారం మాత్రం ఖాళీ. వారం మొత్తానికి సగటు తీస్తే తగ్గినట్టే కనిపిస్తుంది గానీ, సగటు రోజున ఎవరూ ప్రయాణం చేయరు.

లండన్‌లోనూ ఇదే జరిగింది. వారం మధ్యలో రైళ్లు నిండి, శుక్రవారాలు వెలవెలబోతుంటే, 2024 మార్చి నుంచి మే వరకు శుక్రవారం మొత్తానికి ఆఫ్ పీక్ చార్జీలు, అంటే రద్దీ లేని వేళల్లో ఉండే తక్కువ చార్జీలు, పెట్టి చూశారు. జనం పెద్దగా కదల్లేదు. టికెట్ ధర తగ్గిస్తే సరిపోదు, రమ్మని చెప్పే ఆఫీసే రోజు మార్చాలి.

అందుకే ఏ కంపెనీకి వెళ్లినా నేను ముందు అడిగేది యాక్సెస్ కార్డు లెక్కలు. ఏ రోజు, ఏ అరగంటలో, గేటు దగ్గర ఎన్ని స్వైపులు పడ్డాయి? హెచ్‌ఆర్ వాళ్లు వారపు సగటు చేతిలో పెడతారు. అది నాకు ఎందుకూ కొరగాదు. స్వైపులు చూస్తే, కలిసి కూర్చోవాల్సిన టీములు నిజానికి కొన్నే అని తేలుతుంది. మిగతావాళ్లకు బుధవారంతో పనేమీ ఉండదు. ఒకే టెక్ పార్కులోని కంపెనీలు కూర్చుని రోజులు పంచుకుంటే ఒక్క రూపాయి ఖర్చు లేకుండా బుధవారం తేలికపడుతుంది.

రోజు మార్చలేకపోతే గంట మార్చవచ్చు. ఉదయం టీమంతా కలిసే చిన్న మీటింగ్ (స్టాండప్ కాల్) ఇంట్లోనే ముగించుకుని పదకొండున్నరకు బయల్దేరితే, ఉదయపు పీక్ అవర్‌కు సంబంధించినంతవరకు ఆ మనిషి ఇంట్లో ఉన్నట్టే. ఈ చిన్న సంగతిని కంపెనీలు పట్టించుకోకపోవడం నాకు ఎప్పుడూ బాధ కలిగిస్తుంది.

అపోహ: వానొచ్చిన రోజు అందరినీ తొందరగా పంపేస్తే చాలు.

అందరినీ ఒకేసారి పంపితే పీక్ అవర్ సాయంత్రం నుంచి మధ్యాహ్నం మూడింటికి మారుతుంది, అంతే. పైగా నీళ్లు నిలిచిన రోడ్డు దాటించేది మామూలు రోజుకంటే తక్కువ. 2023 జులై వానల్లో సైబరాబాద్ పోలీసులు ప్రాంతాలవారీగా లాగౌట్ వేళలు ఇచ్చారు. ఐకియా నుంచి సైబర్ టవర్స్ వైపు కంపెనీలకు మధ్యాహ్నం 3 గంటలకు, బయోడైవర్సిటీ, రాయదుర్గం వైపు 4:30కు. సరైన పద్ధతి అదే. వాన కోసం ఆగకుండా ఏడాది పొడవునా పాటించదగ్గది.

అపోహ: ఒకసారి ఖాళీ అయిన రోడ్డు ఖాళీగానే ఉంటుంది.

ఉండదు. రద్దీకి జడిసి ఏడింటికే బయల్దేరినవాళ్లు తొమ్మిదింటికి మారతారు, చుట్టుదారిన వెళ్లేవాళ్లు తిరిగొస్తారు, మెట్రో ఎక్కినవాళ్లు కారు తీస్తారు. ఆంథొనీ డౌన్స్ అనే అమెరికన్ ఆర్థికవేత్త పీక్ అవర్ రద్దీ మీద ఈ వాదం 1962లోనే మొదలుపెట్టారు. వారానికి రెండు రోజులేగా అని ఇంకా దూరాన, శంకర్‌పల్లి దాటి, ఇల్లు కొనేవాళ్లూ ఉంటారు. ఖాళీ అయిన చోటును బస్సులకు ప్రత్యేకంగా కేటాయిస్తేనే ఫలితం నిలుస్తుంది.

అపోహ: ఇంట్లో ఉంటే పని జరగదు.

చైనాలోని ట్రిప్ డాట్ కామ్ అనే ప్రయాణాల బుకింగ్ కంపెనీలో 1,612 మంది మీద చేసిన ప్రయోగం ఫలితాలు 2024లో 'నేచర్' పత్రికలో వచ్చాయి. వారానికి రెండు రోజులు ఇంటి నుంచి పనిచేసినవాళ్ల పనితీరు తగ్గలేదు. ఉద్యోగం మానేసేవాళ్లు మాత్రం మూడో వంతు తగ్గారు.

అపోహ: ఇల్లు, లేకపోతే హైటెక్ సిటీ. మధ్యే మార్గం లేదు.

రెండు పడగ్గదుల ఫ్లాట్‌లో భార్యాభర్తలిద్దరికీ కాల్స్, పిల్లలకు ఆన్‌లైన్ ట్యూషన్. అలాంటివాళ్లకు ఇంటికి దగ్గర్లో ఒక డెస్కు కావాలి. ఐటీని నగరానికి పడమర ఉన్న హైటెక్ సిటీ వైపు నుంచి తూర్పున ఉప్పల్ లాంటి చోట్లకు విస్తరించాలని తెలంగాణ ప్రభుత్వం 2020లో గ్రిడ్ పాలసీ తెచ్చింది. ఆ తూర్పు వైపే పోచారంలో ఇన్ఫోసిస్ క్యాంపస్ ఉంది. వరంగల్ మడికొండలో టెక్ మహీంద్రా, సైయెంట్ 2020 జనవరిలో మొదలయ్యాయి. బోడుప్పల్ నుంచి పోచారం వెళ్లే మనిషి నగరాన్ని ఈ చివర నుంచి ఆ చివరకు దాటనక్కర్లేదు. పొద్దున తూర్పున నాగోల్ నుంచి పడమర రాయదుర్గం వెళ్లే మెట్రోలో నిలబడే చోటు కష్టం, ఎదురు దిశలో సీట్లు దొరుకుతాయి. ఆ సీట్లకు కొత్త లైను వేయక్కర్లేదు.

అపోహ: ఇది పెద్ద జీతాలవాళ్లకు ఇచ్చే సౌకర్యం, మిగతావాళ్లకు ఒరిగేదేమీ లేదు.

సెక్యూరిటీ గార్డు, హౌస్‌కీపింగ్ మనిషి, ఆస్పత్రి నర్సు ఇంటి నుంచి పనిచేయలేరు. వాళ్లలో చాలామంది బస్సుల్లో వస్తారు. రానూపోనూ 3 గంటలు పట్టే ట్రిప్పు రెండున్నర గంటలకు తగ్గితే, 15 గంటల్లో అదే బస్సు 5కు బదులు 6 ట్రిప్పులు వేస్తుంది. కొత్త బస్సు కొనకుండానే వాళ్లు స్టాపులో నిలబడే సమయం తగ్గుతుంది. క్యాంటీన్‌లో రోజుకూలీ మీద పనిచేసేవాళ్ల సంగతి వేరు. ఆఫీసు మంగళ, బుధ, గురువారాల్లో నిండి మిగతా రెండు రోజులు ఖాళీగా ఉంటే కాంట్రాక్టరు ఆ రెండు రోజులూ వాళ్లను రావద్దంటాడు. ఉద్యోగుల రోజులు వారమంతా సమంగా పంచితే వాళ్లకు ఐదు రోజులూ పని ఉంటుంది. టెక్ పార్కుల్లో జరిగే ఏ మీటింగ్‌లోనైనా ఈ మాట నేను మొదటే చెబుతాను.