పోడు పట్టా వస్తే అడవి మీద హక్కు వచ్చినట్టేనా? అపోహలు - వాస్తవాలు

ఈమధ్య ఒక సవర గూడెంలో ఫారం-సి (అడవి మీద ఊరంతటి హక్కు కోసం పెట్టే దరఖాస్తు) గురించి మాట్లాడుతుంటే ఒక తాత లేచి ఇంట్లోకి వెళ్లాడు. ట్రంకు పెట్టెలోంచి ప్లాస్టిక్ కవరు తెచ్చి నా చేతిలో పెట్టాడు. "మాకు వచ్చేసింది బాబూ, మిగతావాళ్లకి చూడు" అన్నాడు. లోపల ఆర్ఓఎఫ్ఆర్ పట్టా, అంటే అటవీ హక్కుల చట్టం కింద ఇచ్చే పోడు పట్టా ఉంది. ఆయన పేరు, భార్య పేరు, పోడు చేనుకు నాలుగు దిక్కులా హద్దులు. మడతలు చిరిగిపోకుండా వెనక టేపు అంటించి మరీ దాచుకున్నాడు.

అటవీ హక్కుల దరఖాస్తులు రాసిపెట్టే ఈ పనిలో నేను వెళ్లిన ప్రతి ఊళ్లోనూ ఇదే మాట. అందుకే ముందు దీని సంగతే చెబుతాను.

అపోహ: పోడు పట్టా వచ్చింది, ఇక అడవి హక్కులు వచ్చేసినట్టే.

రాలేదు. ఆ పట్టా మీరు దున్నుకునే చేనుకే. కొండచీపుళ్లు కోసుకునే కొండ, అడ్డాకులు ఏరుకునే చోటు, పశువులు తోలే దారి, నీళ్లు తెచ్చుకునే గెడ్డ... వీటి గురించి ఆ కాగితంలో ఒక్క ముక్క ఉండదు. 2006 అటవీ హక్కుల చట్టంలో వీటికి వేరే హక్కు ఉంది. ఊరు తరతరాలుగా కాపాడుకుంటూ వాడుకుంటున్న అడవిని ఇకపైనా కాపాడే, పెంచే, నిర్వహించే హక్కు గ్రామసభదేనని సెక్షన్ 3(1)(ఐ) చెబుతుంది. దానికోసం 2012లో నియమాలు సవరించి ఫారం-సి తెచ్చారు. వ్యక్తిగత పట్టాకు నాలుగు హెక్టార్లు దాటకూడదన్న పరిమితి ఉంది. సామూహిక అటవీ వనరుల హక్కుకు అలాంటి పరిమితి లేదు, ఊరి సంప్రదాయ సరిహద్దు ఎంతవరకుంటే అంతవరకు. మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా మెండా లేఖా అనే ఊరికి 2009లో సుమారు 1,800 హెక్టార్ల మీద ఈ హక్కు వచ్చింది. 2011 నుంచి వాళ్ల వెదురును వాళ్ల గ్రామసభే అమ్ముకుంటోంది.

ఇది లేకపోతే ఏమవుతుందో కళ్లారా చూశాను. ఒక ఊరి చీపుళ్ల కొండ మీద ప్లాంటేషన్ కోసం గుంతలు తవ్వారు. ఆడవాళ్లంతా వెళ్లి అడ్డంపడ్డారు. "మీదని కాగితం ఉందా?" అని తవ్వడానికి వచ్చినవాళ్లు అడిగారు. ఇంటింటికీ పోడు పట్టా ఉంది, కొండకు మాత్రం ఏమీ లేదు. ఆ ఊళ్లో వ్యక్తిగత దరఖాస్తులు రాసిపెట్టింది నేనే. అప్పుడే ఫారం-సి కూడా వేయించి ఉండాల్సింది. ఆ బాధ ఇప్పటికీ పోలేదు.

అపోహ: మాకు వన సంరక్షణ సమితి ఉంది, సామూహిక హక్కు దాని కిందే వస్తుంది.

రెండూ వేరు. సమితి అటవీశాఖ పథకంతో పుట్టింది. ఈ హక్కు చట్టంతో వచ్చింది, పత్రం గ్రామసభ పేరు మీదే ఉండాలి. మీ దగ్గర సామూహిక పత్రం ఉంటే ఇవాళే తీసి పేరు చూడండి. సమితి పేరుంటే సరిచేయమని గ్రామసభ తీర్మానం చేసి జిల్లా స్థాయి కమిటీకి పంపండి.

అపోహ: 2005తోనే గడువు అయిపోయింది.

13 డిసెంబర్ 2005 అనేది ఆనాటికి భూమి మీ సాగులో ఉందా లేదా చూడటానికి. దరఖాస్తుకు ఆఖరి తేదీ కాదు.

అపోహ: శాంక్చురీలో, టైగర్ రిజర్వులో ఈ చట్టం చెల్లదు.

చెల్లుతుంది. కర్ణాటకలోని బీఆర్‌టీ టైగర్ రిజర్వులో సోలిగ గిరిజనులకు 2011లోనే సామూహిక హక్కులు వచ్చాయి.

అపోహ: దరఖాస్తు తిరస్కరిస్తే ఊరు ఖాళీ చేయాల్సిందే.

దరఖాస్తు తిరస్కరించినవాళ్లను ఖాళీ చేయించమని 2019 ఫిబ్రవరి 13న సుప్రీంకోర్టు ఉత్తర్వు వచ్చాక వారం రోజులు నా ఫోను ఆగలేదు. ఒకామె ఏడుస్తూ, విత్తనాలు చల్లాలా వద్దా అని అడిగింది. అదే నెల 28న ఆ ఉత్తర్వు అమలును కోర్టు నిలిపేసింది. ఆ కబురు మాత్రం చాలా గూడేలకు చేరనేలేదు. పాత వాట్సాప్ మెసేజ్‌లు పంపి జనాన్ని భయపెట్టేవాళ్లు దయచేసి ఆపండి. టెన్షన్ పడుతున్నవాళ్లకు ఒకటే మాట: తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా అడిగి తీసుకోండి, 60 రోజుల్లో పై కమిటీకి అర్జీ పెట్టండి. పరిశీలన పూర్తయ్యేదాకా ఖాళీ చేయించకూడదని సెక్షన్ 4(5) చెబుతోంది.

ఫారం-సికి పెద్ద కాగితాలేం అక్కర్లేదు. ఊరి పెద్దల వాంగ్మూలం రాసుకుంటే అదీ ఆధారమే. దానికి తోడు ఇంకొకటైనా ఉండాలి: మేత బీడు, దుంపలు తవ్వే చోటు, పూజ చేసే చోటు. గ్రామసభకు సగం మంది రావాలి, వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లుండాలి. దరఖాస్తు ఇచ్చాక రసీదు తీసుకోవడం మర్చిపోకండి.

ఆ తాత మర్నాడు పొద్దున్నే కర్ర పట్టుకుని మాకంటే ముందే బయల్దేరాడు. జీపీఎస్ పట్టుకుని ఆయన వెనకాల నడిచాం. ప్రతి మలుపులో ఆగి ఒక పేరు చెప్పేవాడు: ఈ రాయి, ఆ గెడ్డ, పిడుగు పడ్డ ఇప్పచెట్టు. సాయంత్రానికి పదకొండు గుర్తులు నక్షాలోకి ఎక్కాయి. ఉత్తరం వైపు కొండ ఇంకా మిగిలే ఉంది.