ఊరి నడుమ నదిలో స్మాల్‌మౌత్ బాస్ వేట: అపోహలు - వాస్తవాలు

వర్జీనియా రాజధాని రిచ్‌మండ్‌లో ఆఫీసు మేడల కిందే జేమ్స్ నది బండల మీద నురగలు కక్కుతూ పారుతుంది. ఆ బండల మధ్య పన్నెండేళ్లుగా స్మాల్‌మౌత్ బాస్ అనే చేప కోసం గాలం వేస్తున్నాను. శని, ఆదివారాల్లో కొత్తవాళ్లను వెంటబెట్టుకెళ్లి నేర్పుతాను. వాళ్లలో షార్ట్ పంప్, గ్లెన్ అలెన్ వైపు ఉండే మన తెలుగువాళ్లు చాలామందే. ఏటా అవే మాటలు వినిపిస్తున్నాయి కాబట్టి నాకు తెలిసింది ఇక్కడ రాసి పెడుతున్నాను.

అపోహ: ఊళ్లో పారే నదిలో మంచి చేప ఉండదు

"అన్నా, ఊరి మురుగంతా ఇందులోకేగా, ఇంక చేపేం బతుకుతుంది?" అని పోయిన వేసవిలో ఒక తమ్ముడు అడిగాడు. గంట తిరక్కుండా పదిహేనంగుళాల బాస్ అతని గాలానికి తగిలి రెండుసార్లు నీళ్లపైకి ఎగిరింది.

రిచ్‌మండ్ దగ్గర నది గట్టి రాతినేలను వదిలి కోస్తా మెత్తనేలలోకి దిగుతుంది. సుమారు 7 మైళ్లలో 105 అడుగుల వాలు. నీళ్లు బండలకు కొట్టుకుని గాలిని బాగా కలుపుకుంటాయి, రాళ్ల సందుల్లో క్రేఫిష్ పెరుగుతుంది. చూడ్డానికి బుల్లి రొయ్యలా, రెండు డెక్కలతో ఉండే ఆ జీవి అంటే స్మాల్‌మౌత్‌కు ప్రాణం. రాయి, పారే నీరు, క్రేఫిష్ మూడూ ఒకచోట దొరికితే ఒడ్డున మేడలున్నాయా అడవి ఉందా అన్నది ఆ చేపకు పట్టదు.

మురుగు మాట పూర్తిగా అబద్ధమనీ అనను. ఊరి పాత భాగంలో వాననీరు, మురుగు ఒకే గొట్టంలో పోతాయి. జోరువాన పడితే ఆ గొట్టాలు పొంగి నదిలో కలుస్తాయి. అందుకే పెద్ద వాన తర్వాత రెండు మూడు రోజులు నేను నీళ్లలో కాలు పెట్టను, ఎవర్నీ పెట్టనివ్వను.

అపోహ: స్మాల్‌మౌత్ ఈ నదిలో పుట్టి పెరిగిన జాతే

కాదు. దీని పుట్టిల్లు గ్రేట్ లేక్స్, ఒహాయో, మిసిసిపీ నదుల వైపు. 1854లో ఒహాయో నది ఒడ్డునున్న వీలింగ్ ఊరి నుంచి కొన్ని చేపల్ని చిల్లుల బకెట్లో వేసి, ఆ బకెట్‌ను రైలింజను నీళ్లతొట్టిలో వేలాడదీసి మేరీల్యాండ్‌లోని కంబర్లాండ్‌కు తెచ్చి అక్కడి కాలువలో వదిలారు. అలా అది పొటోమాక్ నదిలో చేరింది. జేమ్స్‌లోకి కూడా మనుషులే తెచ్చారు. రైలెక్కి వచ్చిన చేప ఇప్పుడు ఈ ఊరికి గర్వకారణమైందంటే నాకు భలే ముచ్చటగా ఉంటుంది, బహుశా నేనూ వలస వచ్చినవాణ్నే కాబట్టి.

అన్నట్టు, పేరులో బాస్ అని ఉన్నా ఇది సన్‌ఫిష్ కుటుంబానిది. కంచు రంగు ఒళ్లు, నిలువు చారలు. నోరు మూసినప్పుడు పై దవడ కంటిని దాటిపోతే అది స్మాల్‌మౌత్ కాదు, లార్జ్‌మౌత్.

అపోహ: పెద్ద చేప నది మధ్యలో, లోతులోనే ఉంటుంది

చలికాలంలో ఈ మాట కొంతవరకు నిజం. నీళ్లు చల్లబడ్డాక బాస్ మందగించి లోతు మడుగుల్లో చేరుతుంది. వేసవిలో మాత్రం మోకాలి లోతు నీళ్లలో కూడా పెద్దవి దొరుకుతాయి. బండ వెనక చాటున చూడండి. ఒకవైపు ఉరవడి, పక్కనే నిలకడ నీరు, రెంటి మధ్య సన్నటి గీత కనిపిస్తుంది. చేప నిలకడలో ఒళ్లు దాచుకుని, ఉరవడిలో కొట్టుకొచ్చే తిండి కోసం కాచుకుని ఉంటుంది. ఎర ఆ గీత వెంట జారాలి. కొత్తవాళ్లు బలంకొద్దీ నది మధ్యకు విసిరి, కాళ్ల దగ్గరున్న చేపను బెదరగొడతారు. ఖరీదైన సరంజామా కూడా అక్కర్లేదు. ఏడడుగుల తేలికపాటి రాడ్, ఆరు లేక ఎనిమిది పౌండ్ల బరువుకు తెగని లైన్, క్రేఫిష్ రంగు మెత్తటి ప్లాస్టిక్ ట్యూబ్ ఎర ఉంటే చాలు.

అపోహ: ఈత వస్తే భయం లేదు

దీని దగ్గర నేను మొహమాటపడను. గోదావరి కాలవల్లో ఈదిన ధైర్యం ఇక్కడ పనికిరాదు. నాచు పట్టిన బండ మీద కాలు జారి, రెండు రాళ్ల మధ్య పాదం ఇరుక్కుంటే నడుము లోతు నీరే మనిషిని వంచి ముంచేస్తుంది. బయల్దేరే ముందు ఫోన్లో, ఇక్కడి నది మట్టం కొలిచే వెస్ట్‌హామ్ దగ్గరి నీటిమట్టం చూసుకోండి. 5 అడుగులు దాటితే లైఫ్ జాకెట్ తప్పనిసరి. 9 దాటితే పర్మిట్ లేకుండా నదిలోకి దిగకూడదు. నామటుకు నేను మట్టం ఎంతున్నా జాకెట్ తొడుక్కుంటాను. నాతో వచ్చేవాళ్లు కూడా తొడుక్కోవాల్సిందే.

అపోహ: పులుసు బాగా మరిగితే విషమేదీ మిగలదు

పీసీబీలనే రసాయనాలు చేప కొవ్వులో పేరుకుంటాయి. ఉడికించినా పోవు. ఈ నదిలో కొన్ని జాతుల్ని ఎంతవరకు తినొచ్చో, వేటిని అసలు తినకూడదో రాష్ట్ర ఆరోగ్యశాఖ జాబితా ఇస్తుంది. తోలు, కొవ్వు తీసేసి, మిగతా కొవ్వు కారిపోయేలా కాల్చుకోమంటారు. మన పద్ధతి దీనికి సరిగ్గా ఎదురు: తలకాయతో, తోలుతో పులుసులో వేసి, కరిగిన కొవ్వుతో సహా అన్నంలో కలుపుకుంటాం. గర్భిణులకూ చిన్నపిల్లలకూ ఈ చేపల పులుసు పెట్టకండి. నేనైతే పట్టిన ప్రతి స్మాల్‌మౌత్‌నూ వదిలేస్తాను.

అపోహ: వదిలేస్తాం కదా, ఎప్పుడు పడితే అప్పుడు పట్టొచ్చు

వదలడంలోనూ పద్ధతి ఉంది. పొడి చేత్తో పట్టుకుంటే ఒంటిమీది జిగురు పొర ఊడి రోగాలు చేరతాయి. చేయి తడుపుకుని, కొన దగ్గర వెనక్కి తిరిగిన ముల్లు లేని గాలంతో, ఫొటో పిచ్చి తగ్గించుకుని వదలాలి. నీళ్లు వేడెక్కే జులై, ఆగస్టు మధ్యాహ్నాల్లో అసలు వెళ్లకపోవడమే మేలు.

వసంతంలో నీళ్లు 15 డిగ్రీల సెల్సియస్ దాటాక మగచేప గులకరాళ్లలో తోకతో గుంట చేస్తుంది. ఆడది గుడ్లు పెట్టి వెళ్లిపోతుంది. కాపలా తండ్రిదే. మన చెరువుల్లో ఎర్రటి పిల్లల గుంపు కింద కొరమీను కాపు కాయడం చూసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. ఆ తండ్రిని గాలంతో పైకి లాగిన కాసేపట్లోనే చుట్టూ ఉన్న చిన్న చేపలు గుడ్లు మింగేస్తాయి. తిరిగి వదిలినా అది కాపాడుకోవడానికి ఏమీ మిగలదు. మొదటి రెండేళ్లు ఇది తెలియక నేనూ అలా పట్టాను. ఇప్పుడు మే నెలలో, లేత ఎండలో, శుభ్రంగా ఊడ్చిన పళ్లెంలాంటి గుంట కనిపిస్తే లైన్ చుట్టేసి, నీడ పడకుండా వెనక్కి నడిచి, అవతలి పాయకు వెళ్లిపోతాను.