చెట్టు లేని వేరు

చిట్టితల్లికీ, చిన్నోడికీ తాతయ్య ఆశీస్సులు.

మొన్న కాలేజీ ఎగ్జిబిషన్‌లో సీసా చూసొచ్చి అడిగావు కదా తల్లీ, "తాతయ్యా, ఆకు లేదు, కాండం లేదు, ఉత్త వేరు ఎలా పెరుగుతోంది?" అని. ఫోన్లో తేలే మాట కాదని కూర్చుని రాస్తున్నాను. తమ్ముడికి కూడా చదివి వినిపించు.

నువ్వు చూసింది చికోరీ వేరు. మీ నాన్న తాగే కాఫీపొడి పొట్లం మీద ఆ పేరు ఉంటుంది, వెతకండి. దాని వేరును ఎండబెట్టి, వేయించి, పొడికొట్టి కాఫీలో కలుపుతారు. సీసాలోది మాత్రం నానిన సేమ్యా ఉండలా తెల్లగా, ఎక్కడ చూసినా కొమ్మలేసి ఉంటుంది. దీన్ని వెంట్రుక వేరు అంటారు.

మీ పెద్దత్త పెళ్ళిలో వంటశాల గుర్తుందా? వంటమేస్త్రి చేతిలో చీటీ ఉంటుంది. అందులో ఏది రాసి ఉంటే అది వండుతాడు. మొక్కలో ప్రతి కణానికీ అలాంటి చీటీ ఒకటి ఉంటుంది, అదే డీఎన్‌ఏ. మట్టిలో ఆగ్రోబాక్టీరియం రైజోజీన్స్ అనే సూక్ష్మజీవి ఉంది. మొక్కకు ఎక్కడైనా గాటు పడితే అక్కడ చేరి, ఆ చీటీలో తన వాక్యం ఒకటి ఇరికిస్తుంది: "వేర్లు వెయ్యి, ఇంకా వేర్లు వెయ్యి." మేస్త్రికి ఎవరు రాశారన్నది అక్కర్లేదు కదా, వండుతూ పోతాడు. తర్వాత మందు వేసి ఆ సూక్ష్మజీవిని చంపేసినా రాసిన వాక్యం చెరగదు. ఒక కణం రెండైతే చీటీ కూడా రెండవుతుంది, వాక్యంతో సహా. ఆ చేతిరాత నిజంగా మొక్క డీఎన్‌ఏలోకే చేరుతుందని 1982లో మేరీ డెల్ చిల్టన్, ఆమెతో పనిచేసినవాళ్ళు చూపించారు. ఆకుల్లేవు కాబట్టి ఆ వేరు తన తిండి తాను చేసుకోలేదు. లీటరు నీళ్ళకు 30 గ్రాముల చక్కెర, కాసిని లవణాలు కలిపి మనమే పెట్టాలి.

చీటీ ఉంటే చాలా? పిండి వద్దూ? మన ఇంట్లో ఒక్క పిండితోనే ఇడ్లీ, అట్టు, పునుగులు వేస్తారు. వేరు వంటశాలలో ఆ పిండి పేరు పుట్రెసీన్. దాన్నుంచే స్పెర్మిడీన్, దాన్నుంచి స్పెర్మీన్ తయారవుతాయి. మూడింటినీ కలిపి పాలీఅమీన్లు అంటారు. ఈ పిండి రుబ్బడానికి చాలా మొక్కల్లో రెండు రోళ్ళున్నాయి. ఒకదాంట్లో ఆర్నిథీన్, ఇంకోదాంట్లో ఆర్జినీన్ పోస్తారు. వేరు కొసన కణాలు గబగబా రెండేసి అవుతున్నచోట ఈ పిండి లేనిదే పని నడవదు. డీఎన్‌ఏ దారానికి ఋణావేశం ఉంటుంది, పాలీఅమీన్లకు ధనావేశం. అందుకని దాన్ని అంటిపెట్టుకుని, చెదిరిపోకుండా కాస్తాయి. పిండి వెళ్ళి చీటీని కాయడమేమిటని చిన్నోడు అడుగుతాడు. నిజమే నాన్నా, వంటశాల పోలిక ఇక్కడితో సరి.

ఇవన్నీ ఎలా తెలిశాయంటే, రోలుకు తాళం వేసి చూశారు. ఆ తాళం మందుల పేర్లు డీఎఫ్‌ఎంవో, డీఎఫ్‌ఎంఏ. రోలు ఆగితే వేరు కుంటుపడుతుంది. మైసూరులో సీఎఫ్‌టీఆర్‌ఐ అని 1950లో మొదలైన ఆహార పరిశోధన సంస్థ ఉంది. అక్కడివాళ్ళు చికోరీ వెంట్రుక వేర్లకు పుట్రెసీన్ బయటినుంచి పోసి చూస్తే వేరూ ఎక్కువ పెరిగింది, అందులో కూమరిన్లనే పదార్థాలూ పెరిగాయి. కానీ మోతాదు మించితే అదే పుట్రెసీన్ వేరును అణిచేస్తుంది. కూరలో ఉప్పు సంగతి మీ అమ్మనడగండి.

అసలు పుట్రెసీన్ అనే పేరుకు అర్థం తెలుసా? కుళ్ళు. 1885 ప్రాంతంలో బెర్లిన్‌లో లూడ్విగ్ బ్రీగర్ అనే వైద్యుడు కుళ్ళిన మాంసంలో దాన్ని పట్టుకున్నాడు. భరించలేని కంపు. అదే పదార్థం మీరు తాగే నారింజరసంలోనూ ఉంది, మీ ఒంట్లోనూ ఉంది. పేరు చూసి దేన్నీ చీదరించుకోకండమ్మా.

నా చిన్నప్పుడు మా దొడ్లో పెంటకుప్ప మీద ఎవరూ పెట్టని గుమ్మడిపాదు మొలిచేది. ముక్కు మూసుకుని వెళ్ళి, కుళ్ళిన గడ్డి కాస్త పక్కకు తీస్తే, అడుగున వేర్లు పాలదారాల్లా మెరిసేవి. వాటి నూగుకు మట్టిరేణువులు అంటుకుని ఉండేవి. ఒకసారి చూద్దామని తీగంతా పీకేశాను. మా నాయనమ్మ కొట్టలేదు, తిట్టలేదు. వాడిన తీగను నా చేతిలో పెట్టి సాయంత్రందాకా పట్టుకోమంది. ఆ గుమ్మడి బలం ఎరువుది, పుట్రెసీన్‌ది కాదు. దాన్ని మొక్క తన లోపలే చేసుకుంటుంది. కానీ ఇంత కంపులో అంత తెలుపు ఎలా పుడుతుందన్న ఆశ్చర్యం నాకు అప్పుడు మొదలైంది, ఇప్పటికీ పోలేదు.

ఇంకొక్క మాట. శివరాత్రికి ఉడకబెట్టుకుని తింటామే చిలగడదుంప, మీ అమ్మమ్మ గెనుసుగడ్డ అంటుంది చూడండి, అందులో కూడా ఆ సూక్ష్మజీవుల చేతిరాత ఉంది! ఏ ప్రయోగశాలా రాసింది కాదు, ఎప్పుడో మట్టిలోనే జరిగిపోయింది. 2015లో శాస్త్రవేత్తలు సాగులో ఉన్న 291 నమూనాలు పరీక్షిస్తే అన్నిటిలోనూ దొరికింది.

ఈసారి బజారుకు వెళ్ళినప్పుడు దెబ్బ తగలని చిలగడదుంప ఒకటి తెచ్చుకోండి. నాలుగు చీపురుపుల్లలు గుచ్చి, సగం మునిగేలా గాజుగ్లాసులో నిలబెట్టి కిటికీ దగ్గర పెట్టండి. రెండ్రోజులకోసారి నీళ్ళు మార్చండి. తెల్లటి కొసలు బయటికొచ్చాక ముట్టుకోవద్దు, ఊరికే చూడండి. పక్కవేరు కొస దగ్గర మొలిచిందా, కొంచెం వెనకా? బొమ్మ గీసి పంపండి.

మీ తాతయ్య