లైవ్ కెమెరా, విజువల్స్ సాఫ్ట్‌వేర్: మా రంగంలో వినిపించే అపోహలు, వాస్తవాలు

సంగీత్ వేడుకల్లో, సినిమా ప్రీ-రిలీజ్ సభల్లో, కళాశాల వార్షికోత్సవాల్లో వేదిక వెనుక ఎల్ఈడీ వాల్ మీద విజువల్స్ నడపడం నా పని. ఒకప్పుడు ముందే తయారుచేసిన లూప్‌లు వేస్తే సరిపోయేది. ఇప్పుడు పాడుతున్న మనిషి ముఖమే నిప్పురవ్వలై చెదరాలనీ, నర్తకి చేయి తిరిగిన దారంతా వెలుగు గీతలా మిగలాలనీ నిర్వాహకులు అడుగుతున్నారు. అంటే వేదిక మీది కెమెరా చిత్రం అప్పటికప్పుడు రిజల్యూమ్, టచ్‌డిజైనర్ వంటి లైవ్ విజువల్స్ సాఫ్ట్‌వేర్‌లోకి చేరాలి. ఈ పని విషయంలో కొత్తగా వచ్చే కుర్రాళ్లే కాదు, ఏళ్ల తరబడి కెమెరా యూనిట్లు నడుపుతున్నవారు కూడా గట్టిగా నమ్మే మాటలు కొన్ని ఉన్నాయి. తెర మీద బొమ్మ కనబడగానే కనెక్షన్ పని ముగిసిందనుకోవడం వాటిలో చాలావాటికి మూలం.

అపోహ: "లాగ్ వస్తోందంటే గ్రాఫిక్స్ కార్డు చాలడం లేదన్నమాట."

నాకు అన్నిటికంటే ఎక్కువగా ఎదురయ్యే మాట ఇదే. లాగ్ అంటే వేదిక మీద జరిగింది తెర మీద కనబడటానికి పట్టే ఆలస్యం. కెమెరా లోపలి ప్రాసెసింగు, కెమెరాల్లోంచి కావలసినదాన్ని ఎంచే స్విచ్చర్‌లో వాటన్నిటినీ ఒక తాళంలోకి తెచ్చే ఫ్రేమ్ సింక్, చిత్రాన్ని కంప్యూటర్‌లోకి తెచ్చే క్యాప్చర్ కార్డు బఫర్, సాఫ్ట్‌వేర్, కంప్యూటర్ అవుట్‌పుట్, చివరికి చిత్రాన్ని వాల్ మీదికి పంపే ఎల్ఈడీ ప్రాసెసర్ — ఈ దారిలో ప్రతి మజిలీ ఒకటో రెండో ఫ్రేముల్ని తన దగ్గర ఆపుకొని గానీ ముందుకు వదలదు. సెకనుకు 50 ఫ్రేముల లెక్కన ఒక్కో ఫ్రేము 20 మిల్లీసెకన్లు కాబట్టి, ఏడు ఫ్రేములు ఆగితే 140 మిల్లీసెకన్లు పోయినట్టే. మీ గ్రాఫిక్స్ కార్డు ఒక ఫ్రేమును 20 మిల్లీసెకన్లలోపు గీయలేక తడబడుతుంటే కొత్త కార్డు మేలు చేస్తుంది; ఇప్పటికే 8 మిల్లీసెకన్లలో గీసేస్తుంటే మాత్రం ఎంత ఖరీదైన కార్డు పెట్టినా మిగతా మజిలీల్లో ఆగిన ఫ్రేములు తగ్గవు.

ఊహించుకోవడం కంటే కొలవడం సులువు. ఫోనులో స్టాప్‌వాచ్ నడుపుతూ దాన్ని కెమెరా ముందు పట్టుకోండి. ఫోనూ, దాని వెనుక ఎల్ఈడీ వాల్ మీద దాని బొమ్మా రెండూ పడేలా మరొకరిని ఫొటో తీయమనండి. ఫోను మీద 12.48 సెకన్లు, వాల్ మీద 12.34 సెకన్లు ఉంటే మీ లాగ్ సుమారు 140 మిల్లీసెకన్లు. తర్వాత ఒక్కో పరికరాన్నీ దారిలోంచి తప్పించి మళ్లీ ఫొటో తీస్తే దోషి దానంతటదే బయటపడుతుంది. నా అనుభవంలో అది చాలాసార్లు సాఫ్ట్‌వేర్ కాదు, మధ్యలో ఎవరో అవసరం లేకుండా తగిలించిన, చిత్రం సైజు మార్చే స్కేలర్ లేదా సిగ్నల్ రకం మార్చే కన్వర్టర్.

గాలిలో శబ్దం సెకనుకు దాదాపు 343 మీటర్లు ప్రయాణిస్తుంది కాబట్టి, వేదిక పక్కన ఉన్న స్పీకర్ల నుంచి 48 మీటర్ల దూరంలో కూర్చున్నవారికి పాట కూడా 140 మిల్లీసెకన్లు ఆలస్యంగానే చేరుతుంది. మధ్యలో వేరే స్పీకర్లు పెట్టకపోతే వారికి వాల్ మీది పెదవులూ, చెవిన పడే మాటా సరిగ్గా కలుస్తాయి. తేడా కనిపెట్టేది ముందు వరుసల వారు. మన ఖర్మ కొద్దీ బిల్లు చెల్లించేవారు కూర్చునేది అక్కడే. అందుకే గాయకుల క్లోజప్‌ను స్విచ్చర్ నుంచి నేరుగా ఎల్ఈడీ ప్రాసెసర్‌కు పంపే దారి ఒకటి విడిగా ఉంచుకుంటాను. పెదవులు కనబడని దూరపు షాట్లూ, నృత్యాలూ మాత్రమే ఎఫెక్టుల దారిలో వెళ్తాయి.

అపోహ: "ఏ క్యాప్చర్ పరికరమైనా ఒకటే, పైగా దీని డబ్బా మీద 4కే అని ఉంది."

లెక్క వేసి చూద్దాం. 1920 × 1080 చిత్రంలో దాదాపు 20.7 లక్షల పిక్సెళ్లుంటాయి. ఒక్కోదానికి రెండు బైట్లు చొప్పున సెకనుకు 50 ఫ్రేములు పంపాలంటే సుమారు 20.7 కోట్ల బైట్లు, అంటే 1.66 గిగాబిట్లు కావాలి. యూఎస్‌బీ 2.0 మొత్తం సామర్థ్యం 480 మెగాబిట్లే. కాబట్టి ఆ దారిన వచ్చే చవక డాంగిల్ చిత్రాన్ని నొక్కి కుదించక తప్పదు. డబ్బా మీది 4కే అనే మాట సాధారణంగా లోపలికి తీసుకోగల సిగ్నల్ గురించే గానీ కంప్యూటర్‌కు అందించే చిత్రం గురించి కాదు. మామూలుగా చూస్తే ఈ కుదింపు అంతగా తెలియదు; పచ్చ తెర ముందు నిలబడిన మనిషిని కీ చేసినప్పుడు, అంటే వెనుక పచ్చదనాన్ని తీసేసినప్పుడు, జుట్టు అంచుల వెంట చిన్న చిన్న గళ్లు కదులుతుంటే అప్పుడు తెలుస్తుంది. యూఎస్‌బీ 3.0 పరికరమో, మదర్‌బోర్డు మీద కూర్చునే పీసీఐఈ కార్డో వాడాలనేది ఇందుకే.

అపోహ: "60 అంటే 50 కంటే ఎక్కువ కదా, 60లోనే పెట్టండి."

మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్. ఈవెంట్ కెమెరాలను ఎక్కువగా సెకనుకు 50 ఫ్రేముల్లోనే నడుపుతారు. లైట్ల మిణుకు చిత్రంలో పడకుండా ఉండటానికి కూడా అది మేలు. ఆ కెమెరా చిత్రాన్ని, అంటే ఫీడ్‌ను, 60లో నడిచే సాఫ్ట్‌వేర్‌లోకి తెస్తే సెకనుకు పది ఫ్రేములను రెండోసారి చూపించాల్సి వస్తుంది. నిలకడగా ఉన్న షాట్‌లో అది ఎవరికీ పట్టదు గానీ, పొడవాటి క్రేను చివర కెమెరా ఉండే జిమ్మీ జిబ్ జనం మీదుగా మెల్లగా సాగేటప్పుడు బొమ్మ సన్నగా వణుకుతుంది, ఆ వణుకుకు కెమెరామన్ తిట్లు తింటాడు. కంప్యూటర్ అవుట్‌పుట్‌ను, సాఫ్ట్‌వేర్‌ను, ఎల్ఈడీ ప్రాసెసర్‌ను మూడింటినీ 50కి మార్చడమే దీనికి మందు.

వచ్చే ఫీడ్ 1080ఐ అయితే, అంటే ఒక్కో ఫ్రేమూ సరి, బేసి గీతల రెండు సగాలుగా వస్తే, వాటిని సరిచేసే డీ-ఇంటర్లేస్ చేయించడం మరువకూడదు. లేకపోతే కదిలే అంచులు దువ్వెన పళ్లలా చీలుతాయి. ముందటి ఫ్రేమునే మళ్లీ మళ్లీ కలిపే ఫీడ్‌బ్యాక్ ఎఫెక్టు అలాంటి చిత్రం మీద వేశామంటే ఆ పళ్లే పెరిగి తెరంతా పరుచుకుంటాయి.

అపోహ: "ఎన్‌డీఐ ఉంటే వైర్ల గొడవే ఉండదు."

న్యూటెక్ సంస్థ 2015లో తెచ్చిన ఎన్‌డీఐ వీడియోను మామూలు నెట్‌వర్క్ మీద పంపే పద్ధతి; వైరు అక్కరలేని పద్ధతి కాదు. పూర్తి నాణ్యత గల 1080 చిత్రానికి సెకనుకు వంద మెగాబిట్లకు పైగానే పడుతుంది, కాబట్టి గిగాబిట్ లైను మీద నాలుగైదు ఫీడ్లు నింపాదిగా వెళ్తాయి, పది వెళ్లవు. ఫోన్లూ, చిన్న కెమెరాలూ ఇచ్చే హెచ్ఎక్స్ అనే, ఎక్కువగా కుదించిన ఎన్‌డీఐ రకం తక్కువ బ్యాండ్‌విడ్త్‌తో సరిపెట్టుకుంటుంది, బదులుగా లాగ్ పెంచుతుంది. సోర్సు పేరే జాబితాలో కనబడటం లేదని ఫోన్ చేసేవారిలో ఎక్కువమంది ఫంక్షన్ హాలు నెట్‌వర్క్‌కు తగిలించి ఉంటారు. పంపే యంత్రమూ, అందుకునే యంత్రమూ ఒకే సబ్‌నెట్‌లో, అంటే నెట్‌వర్క్‌లోని ఒకే విభాగంలో, లేకపోతే ఎన్‌డీఐలో అవి మామూలుగా ఒకదానికొకటి కనిపించవు. సొంత గిగాబిట్ స్విచ్ ఒకటి సంచిలో ఉంచుకుంటే ఆ గొడవ తీరుతుంది. ఎన్‌డీఐలో నాకు నచ్చేది వేరే ఉంది: హెచ్‌డీఎంఐ మోయలేని పారదర్శకతను, అంటే ఆల్ఫాను, అది చిత్రంతోపాటే మోస్తుంది, అందువల్ల అక్షరాల గ్రాఫిక్సును కీ చేసే పని తప్పుతుంది.

అపోహ: "సిఫాన్‌తో, స్పౌట్‌తో పక్క లాప్‌టాప్‌కు పంపవచ్చు."

పంపలేము. మ్యాక్‌లో సిఫాన్, విండోస్‌లో స్పౌట్ చేసేది ఒకే యంత్రంలోని రెండు సాఫ్ట్‌వేర్లు గ్రాఫిక్స్ మెమరీలోని ఒకే చిత్రాన్ని పంచుకునేలా చూడటం మాత్రమే. నకలు తీసి పంపడం ఉండదు గనుకనే అవి అంత వేగంగా ఉంటాయి. రెండు గ్రాఫిక్స్ చిప్‌లున్న విండోస్ లాప్‌టాప్‌లో రెండు సాఫ్ట్‌వేర్లూ ఒకే చిప్ మీద నడిచేలా సెట్టింగుల్లో చూసుకోండి.

అపోహ: "నల్లగా వచ్చిందంటే కార్డు పోయినట్టే."

ఒక కార్పొరేట్ సభలో వక్త తన లాప్‌టాప్ తెచ్చి ఇచ్చారు. హెచ్‌డీఎంఐ తీగను టీవీకి పెడితే బొమ్మ చక్కగా ఉంది, నా కార్డుకు పెడితే కటిక చీకటి. నేను రెండు తీగలు మార్చి, కంప్యూటర్‌ను ఆపి మళ్లీ వేసి, పావుగంట వృథా చేశాక గుర్తొచ్చింది: ఆ లాప్‌టాప్ అవుట్‌పుట్‌లో హెచ్‌డీసీపీ అనే నకలు నిరోధక తాళం ఉంది. టీవీకి దాని తాళంచెవి ఉంటుంది. క్యాప్చర్ కార్డు చిత్రాన్ని భద్రపరచగలదు కాబట్టి ఆ చెవిని దానికి ఇవ్వరు. ఆయన ప్రజెంటేషన్‌ను పెన్‌డ్రైవ్‌లో తీసుకొని నా యంత్రంలోనే నడిపాను. ఇప్పుడు అతిథుల లాప్‌టాప్‌లను సభకు గంట ముందే తెప్పించుకుంటున్నాను.

దీనికి తోబుట్టువు లాంటి ఇబ్బంది మరొకటుంది. ఫొటో కెమెరాలను లైవ్‌కు వాడేటప్పుడు మెనూలో హెచ్‌డీఎంఐ మీద సమాచారం చూపే అంశాన్ని ఆపకపోతే, ఇరవై అడుగుల వాల్ మీద పెళ్లికూతురి నుదుటికి బొట్టు పక్కనే బ్యాటరీ గుర్తు కూడా ఉంటుంది.

అపోహ: "రిహార్సల్‌లో వైఫై బాగానే పనిచేసింది."

రిహార్సల్ జరిగినప్పుడు హాల్లో ఉన్నది పదిమంది. రాత్రి ఎనిమిదింటికి ఎనిమిది వందల ఫోన్లు అవే వైఫై చానెళ్ల కోసం పోటీపడతాయి. వాటి మధ్య నిలిచిన మనుషుల శరీరాలు కూడా సిగ్నల్‌ను మింగుతాయి. తిరుగుతూ తీసే ఒక అదనపు కోణానికి వైఫై ఫోనును వాడతాను గానీ ప్రధాన కెమెరాకు వాడను. వేదిక మీది కెమెరాలకు 75 ఓమ్‌ల కో-యాక్సియల్ తీగతో ఎస్‌డీఐ అనే వృత్తిపరమైన వీడియో లైను పరుస్తాను. హెచ్‌డీఎంఐ తీగ పది, పదిహేను మీటర్లు దాటితే నమ్మలేము, పైగా ఎవరి కాలైనా తగిలితే జారిపోతుంది. ఎస్‌డీఐ చివరనుండే బీఎన్‌సీ కనెక్టర్‌ను తిప్పి బిగిస్తే, పూలదండలు మోసుకొచ్చే వారు తట్టుకొని తూలినా తీగ ఊడి రాదు.